కుడి మూల

రిగ్గై, కువైట్
8 ఆగస్టు 1982

మణీ,

నీ ఉత్తరం చేరింది. రాత బాగుంది గానీ అక్షరాలు చీమల్లా ఉన్నాయి. నా కళ్లకి సరిపోయేట్టు పెద్దవి రాయి. నేను బాగానే ఉన్నాను. ఇక్కడ పంపు తిప్పితే కాగిన నీళ్లే వస్తాయి, టీకి పొయ్యెందుకు అంటాడు మా గదిలో కుక్కుటేశ్వరరావు. ఇతనిది పిఠాపురం. ఒక కువైటీ ఇంట్లో వంట చేస్తాడు. గదిలో అందరికీ ఉత్తరాలు రాసిపెడతాడు. నాకు మాత్రం అక్కర్లేదని చెప్పాను. నలభయ్యో ఏట పాస్టరమ్మగారి దగ్గర బైబిలు ముందు పెట్టుకుని నేర్చుకున్న అక్షరాలు నావి. తప్పయినా నావే.

నిన్ను బాస్కెట్‌బాల్ జట్టులోకి తీసుకున్నారని చదివి గదిలో అందరికీ ఖర్జూరాలు పంచాను. ఆ ఆట నాకు తెలియదనుకోకు. నేను ఫర్రాషుగా, అంటే ఊడ్చి తుడిచే పనివాడిగా, ఉన్నది ఆ ఆట ఆడే క్లబ్బులోనే గదా. చెక్క నేల మీద ఆడతారు. ఆటకి ముందొకసారి, మధ్యలో ఇంకోసారి ఆ నేల తుడిచేది మీ తాతే. నేను తుడవకపోతే ఎంత గొప్పవాడైనా జారి పళ్లు రాలగొట్టుకుంటాడు.

ఏ ఆటైనా ఒకటే. చెడుగుడులో మూడు లంకల మధ్య నా కూత ఆపినవాడు లేడు. మీ మామ్మ దీనమ్మని అడుగు, కాదంటే నా మీద ఒట్టు. కూతకెళ్లినవాడిని పట్టాలంటే మిగతావాళ్లు చేతులు పట్టుకుని గొలుసు కడతారు. దగ్గరగా ఉంటేనే బలం, విడిపోయినవాడు చచ్చినట్టే. బంతి ఎక్కడుంటే నువ్వక్కడుండాలి. నీకు ఏ చోటిచ్చారో రాయి.

మీ తాత,
ఏసురత్నం

*

బోర్డింగు హాస్టలు
27 ఆగస్టు 1982

తాతయ్యకి మణి వందనాలు.

అక్షరాలు పెద్దవి చేశాను, చూడు. మామ్మ దగ్గు తగ్గింది. నీ చెడుగుడు గురించి అడిగితే నవ్వి, మూడు లంకలు కాదే, రెండే అంది.

మా జట్టులో ఆడేది ఐదుగురం. మునసబు గారి మనవరాలు రాజ్యలక్ష్మి బంతిని నేలకి కొట్టుకుంటూ తీసుకొస్తుంది. ఆట నడిపేది తనే. ఇద్దరు పొడుగు పిల్లలు రింగు కిందుంటారు, గురి తప్పిన బంతిని అందుకోడానికి. ఒకమ్మాయి ఎడమవైపు. నన్ను కుడి మూలకి పంపారు, గీతకి ఆనుకుని. మా డ్రిల్లు టీచరుగారు బట్టలారేసే తాడు పదిహేనడుగులకి కోసి, ఇద్దరికి చెరో కొస ఇచ్చి పరిగెత్తిస్తారు. తాడు వేలాడిందంటే మళ్లీ మొదటినుంచీ. ఇద్దరి మధ్యా ఎప్పుడూ అంత ఎడం ఉండాలట.

నిజం చెప్పాలంటే నాకు కష్టంగానే ఉంది. నిన్న నేను బంతి కోసం లోపలికి పరిగెత్తితే టీచరుగారు ఈల వేసి ఆట ఆపేశారు. "నువ్వు బంతి జోలికి రాకు. దూరంగా నీ మూలన నిలబడు" అన్నారు అందరి ముందూ. ఆట మొత్తంలో నా చేతికి బంతి రెండుసార్లు వచ్చింది. రాజ్యలక్ష్మి చేతిలో ఎప్పుడూ ఉంటుంది.

డిసెంబరులో జిల్లా జట్టుకి పిల్లల్ని ఎంచుతారు. జిల్లాకి ఆడిన కాగితం ఉంటే చదువయ్యాక డ్రిల్లు టీచరు ట్రైనింగులో చోటు దొరుకుతుంది. తాతయ్యా, నాకు అదే కావాలి. ఇంకేమీ వద్దు.

నీ మనవరాలు,
రత్నమణి

*

రిగ్గై
16 సెప్టెంబరు 1982

మణీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను.

బంతి జోలికి రాకు, దూరంగా నిలబడు. ఈ మాట నాకు కొత్త కాదు. ఆ మునసబు గారి వాకిట్లోనే విన్నాను. పన్నెండేళ్లు ఆ ఇంట్లో పాలేరుని. నేను మోసిన బస్తా గాదెలోకి వెళ్లేది, నేను మాత్రం గాదె అవతల మూలన నిలబడాలి. దాహమంటే దోసిలి పట్టమని పైనుంచి పోసేవాళ్లు. మీ నాన్న సంజీవరావు ఆరేళ్లప్పుడు తెలియక అరుగు మీద చెయ్యి వేశాడు. ఆ రోజు వాడికి తగిలిన దెబ్బ నేను ఆపలేదు. మూలన నిలబడి చూశాను. వాడు పోయి తొమ్మిదేళ్లయినా నాకు ఆ దెబ్బ చప్పుడు పోలేదు.

నేను సముద్రం దాటి వచ్చి పరాయి నేల తుడిచేది ఎందుకనుకున్నావు? నా మనవరాలు మళ్లీ ఆ ఇంటి పిల్ల ముందు మూలన నిలబడటానికా? నువ్వు ఆ మూల వదిలెయ్యి. బంతి ఆ పిల్ల దగ్గరుంటే నువ్వా పిల్ల పక్కకే పో. భుజానికి భుజం తగలాలి. ఎవరు ఈల వేసినా ఆగకు. ఇది తాత మాట.

మీ పెద్దమ్మగారికి, అదే మీ హెడ్మిస్ట్రెస్ గారికి, నేనే ఉత్తరం రాశాను. మీ డ్రిల్లు టీచరు కులం చూసి పిల్లల్ని నిలబెడుతోందని రాశాను. ఇలాంటి మనిషి మీ బళ్లో ఉండటం మన దేవుడికే అవమానమని రాశాను. ఇవాళే పోస్టు చేశాను. కుక్కుటేశ్వరరావు అడ్డొచ్చాడు. "ముందు పిల్లని కనుక్కోండి బాబాయ్, ఆటలో అదేదో పద్ధతేమో" అన్నాడు. "నిన్నెప్పుడైనా దూరంగా నిలబెట్టార్రా?" అన్నాను.

తాత

*

బోర్డింగు హాస్టలు
6 అక్టోబరు 1982

తాతయ్యకి వందనాలు.

నువ్వు చెప్పినట్టే చేశాను. పక్క ఊరి బడితో ఆట. మొదటి సగం మేమే ముందున్నాం. రెండో సగంలో నీ మాట గుర్తొచ్చి నా మూల వదిలి రాజ్యలక్ష్మి దగ్గరికి వెళ్లాను. నేనెక్కడికి వెళ్తే అవతలి జట్టులో నన్ను కాసే పిల్ల కూడా అక్కడికి వచ్చింది. మధ్యలో సందు లేకుండా పోయింది. రాజ్యలక్ష్మి వేగంగా వస్తూ నాకు తగిలి పడింది. మోకాలు చీరుకుంది. అప్పటినుంచీ అందరం బంతి చుట్టూ మూగాం, సంతలో గొడవ చూసేవాళ్లలాగ. ఓడిపోయాం.

టీచరుగారు తిట్టలేదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నేల మీద చింతపిక్కలు పెట్టి చూపించారు. "నువ్వు మూలనుంటే నిన్ను కాసే పిల్ల కూడా అక్కడే కట్టుబడిపోతుంది. నువ్వు బంతి ముట్టకుండానే వాళ్లలో ఒకర్ని ఆటలోంచి తీసేస్తున్నావు. ఆ పిల్ల నిన్నొదిలి లోపలికెళ్లిందా, బంతి నీకొస్తుంది, నువ్వు వేస్తావు. అక్కణ్ణించి గురి తప్పనిది నువ్వొక్కదానివే. అందుకే ఆ చోటు ఇంకెవరికీ ఇవ్వలేదు" అన్నారు. ఎందుకు వదిలావని అడిగితే నీ పేరు చెప్పలేకపోయాను.

తాతయ్యా, పెద్దమ్మగారికి రాసిన ఉత్తరం నిజంగా పోస్టు చేశావా? చెయ్యకపోతే చింపెయ్యి. నాదే తప్పు. నీకు సగమే రాశాను.

మణి

*

రిగ్గై
9 అక్టోబరు 1982

మణీ,

నీ దగ్గర్నుంచి ఇంకా జవాబు రాలేదు. ఈపాటికి మీ టీచరమ్మకి బుద్ధొచ్చి ఉండాలి. ఇక్కడ సెలవు శుక్రవారమే గనక మన చర్చి ప్రార్థన కూడా ఆ రోజే. మొన్న శుక్రవారం ప్రార్థన అయ్యాక మనవాళ్లందరికీ చెప్పాను. నర్సు పని చేసే ఒక తల్లి, "పెద్దాయనా, మీలాంటోళ్లుంటే మా పిల్లలు తలెత్తుకుంటారండీ" అంది. నాకు నెమ్మదిగా ఉంది.

ఇక్కడా అదే గతి, చూశావా? క్లబ్బులో ఆడేవాళ్లలో ఇద్రీస్ అని సూడాను మనిషి ఉన్నాడు. నల్లగా, తాటిచెట్టంత ఉంటాడు. ఇన్నాళ్లూ నేను నేలే చూశాను, ఆట చూడలేదు. నీ ఉత్తరం చదివాక చూశాను. అతన్ని కూడా మూలకి పంపేశారు. మిగతావాళ్లు బంతి ఆడుకుంటుంటే అతను చేతులు చాపుకుని నిలబడి ఉన్నాడు. నీళ్లు పంచేటప్పుడు ముందు అతనికే ఇచ్చాను. "సదీక్, అక్కడ నిలబడకు, లోపలికెళ్లు" అని నాకొచ్చిన అరబ్బీలో చెప్పాను. సదీక్ అంటే నేస్తం. అతను నా భుజం తట్టి నవ్వాడు. పాపం, అలవాటు పడిపోయినట్టున్నాడు.

రాజ్యలక్ష్మి బంతి నీకిస్తోందా లేదా రాయి.

తాత

*

బోర్డింగు హాస్టలు
30 అక్టోబరు 1982

తాతయ్యా,

ఈసారి వందనాలు రాయడం లేదు. నువ్వు తొమ్మిదిన రాసిన ఉత్తరం నిన్న వచ్చింది. నెమ్మదిగా ఉందని రాశావు.

నువ్వు పెద్దమ్మగారికి రాసిన ఉత్తరం నాదానికంటే ఆలస్యంగా చేరింది. ఆవిడది మన రాష్ట్రం కాదు, తెలుగు చదవడం సరిగ్గా రాదు కాబట్టి గుమాస్తా చేత స్టాఫ్ రూములో పైకి చదివించారు. టీచర్లందరూ ఉన్నారు. మా టీచరుగారు కూడా ఉన్నారు. చదవడం అయ్యేదాకా కదలకుండా కూర్చున్నారట. పెద్దమ్మగారు నన్ను పిలిచి నిజమేనా అని అడిగారు. కాదన్నాను. ఎన్నిసార్లు కాదన్నా పెద్దమ్మగారు నా తల నిమిరి, పిల్ల భయపడుతోంది అన్నారు. విచారణ అయ్యేదాకా టీచరుగారు జట్టుని చూడకూడదని చెప్పేశారు. ఇప్పుడు మమ్మల్ని లెక్కల మాస్టారు ఆడిస్తున్నారు. ఆయన కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటారు.

మా టీచరుగారి పేరు సువార్తమ్మ. వాళ్ల నాన్న మన పేటలోనే చర్చి గంట కొట్టేవారట. వాళ్లమ్మ మునసబు గారి పశువుల పాక ఊడ్చేది. నీకు తెలిసే ఉండాలి. రాజ్యలక్ష్మి తనకి కుడి మూల కావాలని జూన్‌లోనే అడిగింది. టీచరుగారు ఇవ్వలేదు.

ఎంపిక డిసెంబరు పదకొండున.

రత్నమణి

*

రిగ్గై
20 నవంబరు 1982

మణీ,

నువ్వు ఆరున రాసిందీ, ముప్పయ్యిన రాసిందీ, రెండు ఉత్తరాలూ ఒకేసారి చేరి నాలుగు రోజులైంది. మొదటి రెండు రోజులు పనికి వెళ్లలేదు. కుక్కుటేశ్వరరావు అన్నం పెట్టి పక్కన కూర్చున్నాడు. ఏమైందని అడగలేదు. అడిగితే తిట్టి ఉండేవాణ్ణి, అది అతనికి తెలుసు.

సువార్తమ్మ ఎవరో నాకు తెలుసు. ఆమె తండ్రి ప్రకాశం నా జట్టువాడు. మీ నాన్నని సమాధి చేసినప్పుడు ఆ పిల్ల మీ మామ్మ పక్కన కూర్చుని రెండు రోజులు లేవలేదు. చదువుకుని టీచరైందని విన్నాను. ఏ ఊళ్లోనో అడగలేదు. నీ టీచరు ఎవరని నిన్ను అడగలేదు. అగ్రకులం మనిషేనని నా అంతట నేనే అనేసుకున్నాను.

మూడో రోజు క్లబ్బుకి వెళ్లాను. ఆట మొదలవకముందు ఇద్రీస్ ఒక్కడే ఉన్నాడు. నువ్వు రాసింది సైగలతో, వచ్చీరాని అరబ్బీతో అడిగాను, తను మూలనెందుకుంటాడని. అతను నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ఆ మూలనే నిలబెట్టాడు, తడిగుడ్డ కర్రతో సహా. నాతో పని చేసే మలయాళీని పిలిచి నన్ను కాయమన్నాడు. తను బంతి తీసుకుని అవతలి నుంచి వచ్చాడు. మలయాళీ నా దగ్గరే ఉంటే ఇద్రీస్ తిన్నగా వెళ్లి రింగులో వేసేశాడు. రెండోసారి మలయాళీ నన్ను వదిలి అతనికి అడ్డం పోయాడు. బంతి వచ్చి నా గుండెకి తగిలింది. పట్టుకోలేకపోయాను. అంతే. నేను చేసిందేమీ లేదు, నిలబడ్డాను. రెండుసార్లూ పని జరిగింది నా వల్లే.

అతను ఆ జట్టుకి కెప్టెనట. నీళ్లు ముందు అతనికే ఎందుకిస్తున్నానో తెలిసిందో లేదో. తెలియకూడదని కోరుకున్నాను. తెలిసే ఉంటుంది. అందుకే నవ్వాడు.

నాకు సిగ్గుగా ఉంది మణీ. ఈ మాట అరవయ్యేళ్లలో ఎవరికీ రాయలేదు, నోటితోనూ అనలేదు. మునసబు వాకిట్లో నేను పడ్డది నిజమే. ఆ నిజాన్ని తీసుకెళ్లి, నాతో పాటు పడిన ఇంటి పిల్ల మీద విసిరాను. దెబ్బ తగలాల్సినవాడికి ఒక్కటీ తగల్లేదు.

పెద్దమ్మగారికి ఇవాళ ఇంకో ఉత్తరం రాశాను. నేను రాసింది అబద్ధం, ఆట తెలియక రాశాను, పిల్ల భయపడి కాదు, నిజమే చెప్పింది, అని రాశాను. మొదటిది చదివిన గుమాస్తానే, అదే గదిలో, అందరి ముందూ ఇది కూడా చదవాలని రాశాను. కుక్కుటేశ్వరరావు మంచి మాటల్లో రాసిపెడతానన్నాడు. వద్దన్నాను. తప్పు నా అక్షరాలతో చేశాను.

ఉత్తరాలు ఇక్కణ్ణించి రెండు వారాలకి వెళ్తాయి. పదకొండుకి ముందే చేరాలని మోకాళ్ల మీద ఉన్నాను.

తాత

*

బోర్డింగు హాస్టలు
19 డిసెంబరు 1982

తాతయ్యకి మణి రాసేది.

ఉత్తరం పద్నాలుగున చేరింది.

పదకొండున ఏలూరులో ఆడాం. లెక్కల మాస్టారు వచ్చారు గానీ ఎండగా ఉందని చెట్టు కింద కూర్చున్నారు. ఆటకి ముందు రాజ్యలక్ష్మీ నేనూ కలిసి మిగతా ముగ్గురికీ తాడు సంగతి గుర్తు చేశాం. నేను కుడి మూల వదల్లేదు. నన్ను కాసే పిల్ల కూడా వదల్లేదు. మధ్యలో దారి ఖాళీ అయి రాజ్యలక్ష్మి పదకొండుసార్లు వేసింది. నాకు బంతి మూడుసార్లు వచ్చింది, మూడూ పడ్డాయి. గెలిచాం.

రాజ్యలక్ష్మిని తీసుకున్నారు. నన్ను తీసుకోలేదు.

ఎంచేవాళ్లు ముగ్గురు. వాళ్లు బంతినే చూస్తారు తాతయ్యా. మూలనున్న పిల్లని ఎవరు చూస్తారు? మిగతా బళ్ల టీచర్లు వాళ్ల పక్కన నిలబడి, ఈ పిల్ల వల్లే ఆ దారి తెరుచుకుందండి, అని చెప్తున్నారు. మా తరఫున చెప్పేవాళ్లు లేరు. రాజ్యలక్ష్మే వెళ్లి నా గురించి చెప్పబోయింది. నువ్వు నీ సంగతి చూసుకోమ్మా అన్నారు. బస్సులో నా పక్కనే కూర్చుంది.

నీ ఉత్తరం స్టాఫ్ రూములో చదివారు. పెద్దమ్మగారు టీచరుగారికి క్షమాపణ చెప్పి జట్టు తిరిగి ఇచ్చారు. మర్నాడు టీచరుగారు ఈల మెళ్లో వేసుకుని వచ్చారు, ఏమీ జరగనట్టే. తాడు తీసి మాకు ఇచ్చారు. నేను వెళ్లిపోతుంటే పిలిచి ఒక్కటే అడిగారు. "ఆ ఉత్తరం రాసే ముందు నా పేరేంటని మీ తాతయ్య నిన్ను అడగలేదా?" నేను తల వంచుకున్నాను. "సరే, వెళ్లు" అన్నారు.

ఆవిడకి ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు.

మామ్మ ఆరోగ్యం బాగుంది. పండక్కి నువ్వు పంపిన చీర కట్టుకుంటానంది.

మణి

*

రిగ్గై
8 జనవరి 1983

మణీ,

సువార్తమ్మ గారికి చెప్పు. అడగలేదు. అంతే చెప్పు, ఇంకేమీ కలపకు. పెద్దాయన పొరపడ్డాడనీ, పాతకాలంలో పడ్డ బాధ వల్లనీ నా తరఫున మాట్లాడకు. నువ్వు మంచి పిల్లవి, మాట్లాడతావు. అందుకే ముందే చెప్తున్నాను.

నీ చోటు పోవడం గురించి నాకు రాయడం రావట్లేదు. ఎవరు తీశారని అడిగితే ఆ ముగ్గురి పేర్లు చెప్పొచ్చు. తీసింది నేను. నీ పక్కన నిలబడి నోరు విప్పాల్సిన ఒకే ఒక్క మనిషిని ముందే అక్కణ్ణించి తప్పించేశాను. నువ్వు నా మీద కోపం ఉంచుకో. తొందరగా తగ్గించుకోవద్దు. మొన్న శుక్రవారం, ఇంతకుముందు గొప్పగా చెప్పుకున్న మనవాళ్ల ముందే లేచి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆ నర్సు తల్లి కళ్లు దించుకుంది. నాకు అక్కణ్ణించి బయటికి వచ్చేయాలనిపించింది. రాలేదు, చివరి దాకా కూర్చున్నాను.

ఇందులో ఇంకో కాగితం ఉంది. సువార్తమ్మ గారికి రాశాను. పదకొండు కాగితాలు చింపి ఇది రాశాను. ముందొకటి చూస్తే క్షమించమని ఆజ్ఞాపిస్తున్నట్టుంది. ఇంకొకటి చూస్తే నా కష్టాలే ఉన్నాయి, ఆమె ఊసే లేదు. చివరికి కుక్కుటేశ్వరరావుని కూర్చోబెట్టి చదివి వినిపించాను. అతను రెండు చోట్ల, "ఇక్కడ మళ్లీ మీరే పెద్దవారైపోయారు బాబాయ్" అన్నాడు. ఆ రెండూ కొట్టేశాను.

కవరుకి జిగురు పెట్టలేదు. ముందు నువ్వు చదువు. ఆమె నీకు రోజూ కనిపించే మనిషి, నాకు కాదు. ఏ మాట ఆమెకి గుచ్చుకుంటుందో నీకు తెలుస్తుంది, నాకు తెలియదు. గుచ్చుకునేదుంటే నువ్వు కూడా కొట్టెయ్యి. అసలు ఇవ్వడమే మంచిది కాదనిపిస్తే ఇవ్వొద్దు, నీ దగ్గరే ఉంచు, ఎందుకివ్వలేదని నేను అడగను.

ఏం చేశావో మాత్రం రాయి. నీ జవాబు వచ్చేదాకా నేనెవరికీ ఏమీ రాయను.

ఏసురత్నం